గాజుపెట్టెలో కొమ్ములు

తొంభై మూడులో భద్రాచలంలో అడవి మ్యూజియం తెరిచిన రోజు మమ్మల్నెవరూ పిలవలేదు. అయినా వెళ్లాం. వెళ్లక? కొమ్ములాట ఆడే పగిడయ్య ఊరివాళ్ల దున్నకొమ్ముల తలపాగా ఆ మ్యూజియంవాళ్ల గాజుపెట్టెలో ఉంది మరి!

ఫొటో తీసుకుని ఇచ్చేస్తామని ఎండాకాలంలో పట్టుకెళ్లారు. తొలకరి పడింది. తెల్లారితే భూమి పండుగ. ఆ కొమ్ములు తలకు పెట్టుకుని పగిడయ్య ఆడితే తప్ప ఆ ఊళ్లో ఒక్కరూ విత్తనం చల్లరు. ఆ ఊరి బడిపంతులుగా క్యూరేటర్ వెంకటనారాయణకు చెప్పి చెప్పి నా గొంతు పోయింది. ఎప్పుడడిగినా ఆయనది ఒకటే మాట: "అది మ్యూజియం వస్తువండీ!"

ధర్నా చేద్దామని డోళ్లు మెడకేసుకుని మరీ వచ్చాం. హాలు కిటకిటలాడుతోంది. గడ్డి కూరిన పులి, ఎలుగుబంటి, అడవిదున్న. హైదరాబాదు కంపెనీవాళ్లు పెట్టిన మీట నొక్కితే దీపం వెలిగి పులి గాండ్రిస్తోంది. అబద్ధమెందుకు, నేనూ రెండుసార్లు నొక్కాను.

కంపెనీ ఇంజినీరు కుర్రాడు కొమ్ముల పెట్టె పక్కన నిలబడి గర్వంగా చెబుతున్నాడు. "గాజు కాస్త అదిరినా సైరన్ మోగుతుంది. ఆపే స్విచ్ కూడా పెట్టె లోపలే పెట్టాం. దొంగ చేతికి అందదు."

పగిడయ్య కొమ్ములను చూశాడు. ఆగలేకపోయాడు. డోలు మీద ఒక్క దెబ్బ వేశాడు.

కుయ్యిమంటూ సైరన్!

"ఆపండయ్యా! ముట్టుకున్నదెవరు?" క్యూరేటర్ పరుగెత్తుకొచ్చాడు.

"ఎవలు ముట్టిండ్రు సారూ? డోలు మాది, గాజు మీది," అంది పగిడయ్య అక్క ముత్తక్క. తమ్ముడి వైపు తిరిగింది. "ఏంది ఆపినవ్? చేతులు పడిపోయినయా? కొట్టు!"

అన్ని డోళ్లూ ఒక్కసారే లేచాయి. సైరన్ గుక్కతిప్పుకోలేదు. జనం చెవులు మూసుకుని నవ్వుతున్నారు. ఇంజినీరు చెమటలు కక్కుతూ తాళం తీశాడు. స్విచ్ తలపాగా వెనకుంది. తలపాగా బయటికి తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక దిక్కులు చూశాడు.

ముత్తక్క రెండు చేతులూ చాచింది. "గిటియ్యి బిడ్డా, బరువైతది."

ఇచ్చేశాడు!

ఆ తర్వాతే స్విచ్ నొక్కాడు. సైరన్ ఆగింది, డోళ్లూ ఆగాయి. ఆ నిశ్శబ్దంలో అక్క తమ్ముడి తల మీద కొమ్ములు పెట్టింది. పగిడయ్య ఒక్కసారి తల విదిల్చాడు. అంతే, హాలంతా ఈలలు. మీటలూ దీపాలూ వదిలేసి పిల్లలు పగిడయ్య చుట్టూ మూగారు.

"పోలీసుల్ని పిలుస్తా!" క్యూరేటర్ అరిచాడు.

"పిలువు సారూ, జల్దీ పిలువు," అంది ముత్తక్క గడప దాటుతూ. "తెల్లారి మేం విత్తనాలు చల్లుకుంట ఉంటం. ఆళ్లను గూడ చేన్లకే రమ్మను. శాన పని ఉన్నది."

బయట వాన అందుకుంది. డోళ్లు తడవకుండా కొంగులు కప్పి, కేకలేసుకుంటూ ఊరిదారి పట్టాం.