పులిసిన తొట్టి

కగోయా ఆశకు పోయి తప్పు చేసింది. బుసోగా సీమలో సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊరి మురుగు కేంద్రంలో మొదటి తొట్టి బాధ్యత ఆమెది. తొట్టిలో పుట్టే గ్యాసే చుట్టుపక్కల వంటశాలలకు ఆధారం. ఈస్టరుకు గ్యాసు చాలదని, చేపల కార్ఖానా వాళ్ళు పారబోసే కొవ్వు ఆరు పీపాలు తెప్పించి బురదలో పోయించింది. మొదటిరోజు మంట ఎగిసింది. మూడోరోజుకు చిక్కిపోయింది.

గాలి చొరని ఆ తొట్టిలో కంటికి కనబడని రెండు రకాల సూక్ష్మజీవులు కలిసి కాపురం చేస్తాయి. ఒకటి బురదను తిని పులుపు చేస్తుంది. రెండోది నిదానంగా ఆ పులుపును తిని గ్యాసు చేస్తుంది. కొవ్వు దొరికేసరికి మొదటిది విజృంభించింది, రెండోది ఆ పులుపులో ఉక్కిరిబిక్కిరైంది. కగోయా పులుపు ఎంతుందో చూపే పరీక్ష కాగితం ముంచితే ఎర్రబారింది. ఎవరికీ చెప్పలేదు.

ఆసుపత్రి దగ్గర రోగుల బంధువులకు వండిపెట్టే నైగాగా గేటు దాకా వచ్చింది.

"ఏమ్మా, నీ తొట్టి ఉపవాసముందా? అరటికాయలు ఉడకవు, జనం ఊరుకోరు."

"పైపులో నీరు చేరిందక్కా. రేపటికి సర్దుకుంటుంది."

"నిన్నా రేపనే అన్నావు."

ఇక ఆగలేక కగోయా, అక్కడే పనిచేసి రిటైరైన టిబెంకానా ముసలాయన్ని పిలుచుకొచ్చింది. ఆయన బురద వాసన చూశాడు.

"పుల్లమజ్జిగ కంపు. ఏం పోశావే?"

చెప్పింది.

"ఇంక చుక్క పోయకు. రెండో తొట్టి బాగుంది కదా, ఆ బురద తెచ్చి దీనికి తోడు వెయ్యి. కాస్త సున్నం కలుపు. తర్వాత చేతులు కట్టుకుని కూర్చో."

"ఎన్నాళ్ళు తాతా?"

"వాటికి బుద్ధి పుట్టేదాకా."

తొట్టి ఆపాలంటే మేనేజరు ఇసబిర్యేకు చెప్పాలి. "కొవ్వు పోయించింది నేనే సార్" అంది.

"మూడురోజులు దాచావు. పోయడం కంటే అదే పెద్ద తప్పు" అని ఆయన, తొట్టి బాగుచెయ్యడానికి పదిరోజులు గడువిచ్చాడు.

రోజూ వచ్చే బురదంతా ఎండబెట్టే మడుల్లోకి మళ్ళింది. ఊరు కంపెత్తింది. దారిన పోయేవాళ్ళు తిట్టిపోశారు. కగోయా రోజుకు పదిసార్లు కాగితం ముంచి చూసింది. ఐదోరోజు కూడా రంగు మారకపోయేసరికి సున్నం బస్తా ఎత్తబోయింది. ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు.

"మోతాదు మించితే మిగిలినవీ చస్తాయి. నిద్రపోయే పిల్లను బతికుందో లేదోనని గిచ్చుతామా?"

కూర్చుంది. మళ్ళీ లేచింది.

తొమ్మిదోరోజు పొద్దున కేంద్రంలోని పొయ్యి మీద నీలిమంట నిలబడింది, సగం ఎత్తున. అదే రోజు మేనేజరు తొట్టిని వాఇస్వా అనే కుర్ర ఉద్యోగికి అప్పగించి, దాచినందుకు ఆమెను మడుల పనికి పంపాడు. కగోయా పార అందుకుంది.

మధ్యాహ్నం నైగాగా కేకేసి మొక్కజొన్న ముద్ద, చిక్కుడుగింజల కూర పెట్టింది. రెండు ముద్దలు తిని కగోయా తొట్టి వైపు నడిచింది.

"కాగితం ఇప్పుడేం రంగుంది?"

"పొద్దున్నే చెప్పాను కదక్కా" అన్నాడు వాఇస్వా.

"మళ్ళీ చూడు."