వంట కాని మాట

తిరుమలకి అన్నిటికన్నా పెద్ద భయం ఇది: ఒక పొద్దున్న తను లేవకపోతే, కాఫీ ఆలస్యమైందని తప్ప ఇంట్లో ఎవరికీ ఇంకేమీ తట్టదని. పాప పుట్టిన దగ్గర్నుంచీ ఆ భయం ఒంట్లో ఎక్కడో కూచుండిపోయింది. ఇప్పుడది నొప్పిగా కూడా లేదు. తిమ్మిరెక్కిన కాలులా ఉంది, అంతే.

బెజవాడ సత్యనారాయణపురంలో రెండు గదుల వాటా. మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక పాపని ఒళ్ళో వేసుకుని కంప్యూటర్ ముందు కూచుంటుంది. అది మొగుడు నాగబాబు పెట్టిన వంటల సైటు. చదివేవాళ్ళే ఫారం నింపి వంటలు పంపుతారు: వంట పేరు, కావలసినవి, తయారుచేసే విధానం, పంపినవారి పేరు, ఊరు, మెయిలు. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపుతారు. తిరుమల ఒక్కోటీ తెలుగులోకి కొట్టి, తప్పులు దిద్ది ఎక్కిస్తుంది. పేజీ అడుగున 'నిర్వహణ: నాగబాబు' అని ఉంటుంది. "ఇంటర్ మొదటేడాదిలోనే పెళ్ళి చేసేశారు గానీ, మా ఆవిడ కీబోర్డు మీద చెయ్యి వేస్తే చూడాలిరా" అని స్నేహితుల దగ్గర నవ్వుతాడు. "కూచుని చేసే పనేగా, దానికీ నడుం నొప్పంటావేంటే" అంటుంది అత్తగారు సీతారావమ్మ. నాగబాబు పెట్టిన రూలు ఒకటే: "వంట కానిది కోసెయ్. ఆడవాళ్ళు సోది రాస్తారు."

పామర్రు నుంచి మాణిక్యం అని ఒకావిడ వారం వారం పంపేది. వాళ్ళాయనది బస్టాండు ఎదురుగా నెట్ సెంటరు, వెనక గదులే ఇల్లు. ఆయన భోంచేసి కునుకు తీసేదాకా కొట్లో కూచునేది తనే, ఆ కాసేపట్లోనే ఇది కొడుతున్నానని మొదటి వంటతోపాటే రాసింది. తిరుమల అదీ కోసేసింది.

నెల కిందట కొరమేను పులుసు పంపింది. "పులుసు మరిగేటప్పుడు గరిటె పెట్టకూడదు, ముక్క చితికిపోద్ది. గుడ్డతో గిన్నె అంచులు రెండు చేతులా పట్టుకుని తిప్పాలి. నా కుడి చెయ్యి లేవట్లేదు. ఆయన కొట్టారు. డాక్టరు దగ్గరికి పోనివ్వట్లేదు. దించేముందు కొత్తిమీర చల్లాలి."

పాపకి పాలిస్తూ ఒక చేత్తో కొడుతోంది తిరుమల. గిన్నె తిప్పడం నుంచి నేరుగా కొత్తిమీరకి వెళ్ళిపోయింది. మధ్యలో మూడు వాక్యాలు వదిలేసేటప్పుడు వేలు కూడా ఆగలేదు. పులుసు శుభ్రంగా సైటులో పడింది. చాలా బాగుందని ఏడుగురు ఊరూ మెయిలూ ఇచ్చి కింద రాశారు.

తర్వాతి వారం మాణిక్యం దగ్గర్నుంచి ఇంకో ఫారం వచ్చింది. ఏ గడి ఖాళీగా వదిలినా ఫారం వెళ్ళదు. అందుకని అన్ని గళ్ళలోనూ చుక్కలు పెట్టింది. తయారుచేసే విధానం దగ్గర మాత్రం ఒక్క మాట: "కోసేశారా అండీ?"

ఆ తర్వాత మూడు వారాలుగా పామర్రు నుంచి ఏమీ లేదు.

ఇవాళ అన్నం వడ్డిస్తూ తిరుమల ఈ సంగతంతా చెప్పింది. నాగబాబు తలెత్తలేదు. "మనది వంటల సైటు, పోలీస్ స్టేషను కాదు. మొగుడూ పెళ్ళాలన్నాక సవాలక్ష ఉంటాయి. పెరుగెయ్."

"అయినా చెయ్యి లేవనిది అంతంత ఎట్టా కొట్టిందంట?" అంది అత్తగారు.

ఒక్క చేత్తో ఎలా కొడతారో తిరుమలకి తెలుసు. పెరుగు వేసింది.

కంచాలు తీయకుండానే వెళ్ళి కంప్యూటర్ ముందు కూచుంది. ఆ మూడు వాక్యాలూ సైటులో పెడదామనుకుంది. కానీ అవి మాణిక్యం మొగుడి కంట పడితే రెండో చెయ్యి కూడా మిగలదు. బాగుందని రాసిన ఏడుగురి ఊళ్ళూ చూసింది. ఒకావిడది గుడివాడ, ఇంకొకావిడది ఉయ్యూరు, రెండూ పామర్రుకి దగ్గరే. ఇద్దరికీ ఒకటే ఉత్తరం మొదలుపెట్టింది. నాగబాబు మెయిలు నుంచే వెళ్తుంది, సాయంత్రం చూస్తాడు. చూడనీ. అడుగున ముందే తన పేరు కొట్టుకుని, తర్వాత పైకి వెళ్ళి రాసింది:

"పులుసు బాగుందన్నారు కదండీ. అందులో మూడు వాక్యాలు నేను కోసేశాను. అవి ఇక్కడ పెడుతున్నాను, చదవండి. ఇల్లు పామర్రు బస్టాండు ఎదురుగా, నెట్ సెంటరు వెనకాల. ఒక్కరే వెళ్ళకండి. కొరమేను పులుసు నేర్చుకోడానికి వచ్చామని చెప్పి లోపలికి వెళ్ళి, మాణిక్యం గారు ఎలా ఉన్నారో ఒక్కసారి చూసి రండి."