పీపాలో నాలుగు వేళ్ల ఖాళీ

జూరా కొండవాలున తాత నాటిన తెల్లద్రాక్ష తోట ముప్పై ఏళ్లు ముళ్లపొదల పాలైంది. రైల్వే గేటు దగ్గర కాపలా ఉద్యోగం చేసి రిటైరైన గిలేన్ దాన్ని మళ్లీ నిలబెడతానంటే ఊరంతా నవ్వింది. నవ్వినవాళ్లే తీరిగ్గా వచ్చి, సలహాలిచ్చి, కాఫీ తాగి వెళ్లారు.

ఆ ఊరి పసుపు వైన్‌కి ఒకటే నియమం. పీపాలో పోశాక ఆరేళ్ల పైచిలుకు ముట్టుకోకూడదు. వైన్ ఆవిరై తగ్గుతుంది, ఆ ఖాళీలో గాలి తగిలి పైన మీగడలా తెర కడుతుంది. రుచంతా ఆ తెర పెట్టే భిక్షే. మనిషి చేయాల్సింది ఏమీ లేదు. జీవితమంతా రైళ్ల కోసం ఎదురుచూసిన గిలేన్‌కి అది కష్టం కాలేదు. తాత పేరు మళ్లీ సీసా మీద చూడాలి, అంతే ఆమె కోరిక.

మూడు పీపాల్లో వైన్ పోసిన ఐదో ఏట తుంటి విరిగి ఆసుపత్రి పాలైంది. తోట చూసుకోవడానికి అక్క మొగుడు లియోన్స్ పక్క సీమ బుర్గుండీ నుంచి వచ్చాడు. ఆయనా వైన్ చేసేవాడే. వాళ్లవైపు పీపాలో వేలెడు ఖాళీ కనబడితే యజమానికి పరువు తక్కువ.

గిలేన్ చేతికర్రలతో తిరిగి రాగానే ఆయన నేలమాళిగకి తీసుకెళ్లాడు.

"చూడు! మూడు పీపాలూ అంచుదాకా నింపేశా. నువ్వు లేవని వదిలేస్తానా?"

"దేంతో నింపావు బావా?"

"నా వైన్‌తోనే. పండగకని దాచుకున్నది తెచ్చాను."

తెర పోయింది. పరాయి వైన్ కలిసింది కాబట్టి సీసా మీద ఊరి పేరు వేసుకునే హక్కూ పోయింది. గిలేన్ మెట్టు మీద కూలబడి ఏడ్చింది. లియోన్స్ తుంటి నొప్పనుకుని మాత్ర తెచ్చాడు.

సంగతి తెలిశాక రెండు రోజులు ఆయన చీజ్ ముక్క కూడా ముట్టలేదు. మూడో రోజు, "మళ్లీ మొదలుపెడదాం," అన్నాడు.

"నాకు అరవై తొమ్మిదేళ్లు బావా."

"నాకు డెబ్బై నాలుగు. అయితే ఏంటట?"

పాత వైన్‌ని ఆ ఏడు కోతకొచ్చిన కూలీలు తాగారు. రుచి బాగానే ఉందన్నారు. దానికి పేరే లేదు.

కొత్త వైన్ పోయడానికి లియోన్స్ మళ్లీ వచ్చాడు.

"ఆపు."

"ఇంకా నాలుగు వేళ్లు ఖాళీ ఉందే!"

"ఆపమన్నానా?"

ఆపాడు. బిరడా బిగించి, వేళ్లు మడిచి లెక్కపెట్టాడు.

"ఇది తెరిచేనాటికి నాకు ఎనభై దాటుతుంది. ఉంటానంటావా?"

"లేకపోతేనే నయం. నింపేవాడుండడు," అంది గిలేన్.

ఆ ఏడాదిలో లియోన్స్ మొదటిసారి నవ్వాడు.