ఎడమ భుజం దగ్గర కుట్టు

ట్యూరిన్‌లోని ఈజిప్టు మ్యూజియంలో ఒర్నెల్లా ముప్ఫై ఏళ్లు పాత బట్టలు బాగుచేసింది. వేల ఏళ్ల నాటి ఒక పసివాడి నార అంగీ అక్కడి సొరుగులో ఉండలా చుట్టుకుపోయి ఉండేది. విప్పితే పొడైపోతుందని ఆమె దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆమె రిటైరైన రెండేళ్లకు, ఆమె దగ్గరే పని నేర్చుకున్న సబీనా దాన్ని విప్పింది.

ప్రదర్శనకు రమ్మని సబీనా ఆహ్వానం పంపింది. ఒర్నెల్లా దాన్ని చించేసింది. ప్రదర్శన మొదలైన మూడో రోజు మాత్రం, ఎవరికీ చెప్పకుండా, అందరిలాగే టికెట్ కొనుక్కుని వెళ్లింది.

అద్దాల పెట్టె చుట్టూ జనం. లోపల అంగీ బారుగా పరుచుకుని ఉంది. ఆనాడు కుట్టినప్పుడు పెట్టిన సన్నటి మడతలు కూడా చెక్కుచెదరలేదు.

"ఎంత ఓపికో ఈ అమ్మాయికి!" అంటోంది పక్కనున్నావిడ, పెట్టె మీద సబీనా పేరు చదివి.

ఒర్నెల్లాకు కడుపు రగిలిపోయింది. కళ్లద్దాలు తుడుచుకుని, ఒక్కో అంగుళమే గాలించింది. ఒక్క తప్పూ దొరకలేదు.

"టీచర్! మీరు రారేమో అనుకున్నా." సబీనా పరుగున వచ్చింది. "ఎక్కడైనా తేడా ఉంటే చెప్పండి. వీళ్లంతా ఊరికే పొగుడుతున్నారు."

"ఎడమ భుజం దగ్గర కుట్టు బిగిసింది. నెల తిరక్కుండా చిరుగుతుంది," అంది ఒర్నెల్లా.

సబీనా మొహం పాలిపోయింది. "అయ్యో! సాయంత్రం మూయగానే విప్పి మళ్లీ కుట్టేస్తాను."

మ్యూజియం బయటికి వచ్చి, ఎదురుగా ఉన్న కాఫీ బార్‌లో ఒర్నెల్లా కాఫీ తెప్పించుకుంది. రెండు గుక్కలు తాగేవరకు హాయిగానే ఉంది. ఆ కుట్టు విప్పితే భుజమే ఊడి వస్తుందని ఆమెకు తెలుసు. మూడో గుక్క దిగలేదు. గబగబా వెనక్కి నడిచింది.

పనిగదిలో సబీనా పట్టకార్లు, సూదులు సర్దుకుంటోంది.

"దాని జోలికి వెళ్లకు. కుట్టు బాగానే ఉంది."

"మరి ఇందాక?"

"అబద్ధం చెప్పాను. నేను చేయలేనిది నువ్వు చేశావు. ఓర్చుకోలేకపోయాను."

సబీనా కుర్చీలో కూలబడింది. "మీరు చెప్పారని కళ్లు మూసుకుని విప్పేసేదాన్ని, టీచర్!"

"తెలుసు."

"ఇక వెళ్లండి."

గుమ్మం దగ్గర ఒర్నెల్లా ఆగింది. "ఆ మడతలు నా వల్ల అయ్యేవి కావు," అంది. నిజమే చెప్పింది. చెప్పినా మంట చల్లారలేదు. సబీనా సూదులు తిరిగి డబ్బాలో పెట్టేసింది.

ఆ చలికాలమంతా ఇద్దరిలో ఎవరూ ఎవరికీ ఫోన్ చేయలేదు.