బంట్రోతు అనే మాట

మా తమ్ముడు శాంతయ్య తాలూకా ఆఫీసులో బంట్రోతు. ఉద్యోగం వచ్చిన రోజు మా నాయన వీధంతా బెల్లం పంచాడు. వాడి నడుముకు పటకా, దానికి ఇత్తడి బిళ్ళ చూసి నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అబద్ధమెందుకు. బంట్రోతంటే ఫైళ్ళు మోసేవాడు మాత్రమే కాదని తర్వాత తెలిసింది. జప్తుకు పోయి ముసలిదాని మేకను విప్పుకొచ్చేదీ వాడే, గుడిసెలు పీకించేదీ వాడే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, తహశీల్దారు సరేనన్నా వీడు వాకిట్లోనే ఆపేస్తాడు.

మా చర్చిలో పాస్టరయ్యకు చూపు మందగించింది. అందుకని గుడ్ ఫ్రైడే నాడు వాక్యం నేనే చదువుతాను. ప్రభువును పట్టుకుపోయి ప్రధాన యాజకుడి ముందు నిలబెడితే ఆయన సూటిగా జవాబు చెబుతాడు. పెద్దాయనకు ఇట్లాగేనా జవాబు చెప్పేదని పక్కనున్న బంట్రోతొకడు ఆయన చెంప మీద కొడతాడు. పోయినేడు ఆ మాట దగ్గర జనమంతా వెనక్కి తిరిగి మా వాణ్ణి చూశారు.

"మన శాంతయ్య ఆ కాలంలోనే ఉండాడా?" అనేసింది ముసలి నాగులమ్మ. చర్చంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఈ ఏడు ఆ శుక్రవారం దగ్గరపడుతుండగా శాంతయ్య మా గుడిసెకొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అక్కా, ఆ మాట సదవొద్దు. భటుడు అను, సేవకుడు అను, ఏదో ఒకటి అను."

"వాక్యంలో ఉండేదాన్ని నేను మార్సేదేందిరా?"

"బంట్రోతంటే పని చేసేవాడు. కొట్టేవాడు కాదు."

"వాడూ పనే గదా చేసింది. దొర పక్కన నిలబడి దొరకంటే ముందు ఎగిరినాడు. ఆ మాటకు అర్థం అదే."

వాడి మొహం మాడిపోయింది. "నీ గుడిసె యాడుండాదో మర్సిపోయినావా? పోరంబోకులో ఉండాది. మాట మారిస్తే నీకే మంచిది," అని వెళ్ళిపోయాడు.

మర్నాడే రెవిన్యూ ఇన్‌స్పెక్టరును వెంటబెట్టుకొచ్చాడు. వెనక కూలీలు, గడ్డపారలు. కార్వేటినగరం పాత కోటగోడ వెంబడి అన్ని గుడిసెలుండగా మాదొక్కటే కంట్లో పడింది వాళ్ళకు.

"సార్, ఈ వరసంతా పోరంబోకే. మాదొక్కటే పీకమని ఏ కాయితంలో ఉండాది? సూపించండి," అన్నాను. నా గొంతు పెద్దది, తగ్గించలేదు. ఇన్‌స్పెక్టరు నోరు తెరిచేలోపే నా చెంప పగిలింది.

"సారుకు అట్లనా జవాబు చెప్పేది?" అన్నాడు శాంతయ్య.

అనేశాక వాడికే తట్టింది, ఏమన్నాడో. ఇన్‌స్పెక్టరు అటు తిరిగి కూలీలతో "కానీండి" అన్నాడు. సాయంత్రానికి మా బోదగడ్డి కప్పు, వాసాలు రోడ్డు పక్కన కుప్పగా పడున్నాయి. నేను ఏడ్చింది గుడిసె కోసం కాదు. అమ్మ పోయాక, నన్ను కొట్టిన ఆ చేతిలో సంగటి ముద్ద పెట్టి పెంచింది నేను.

శుక్రవారం చర్చికి వెళ్ళేటప్పుడు నా మొగుడు ఓబయ్య దారంతా బతిమాలాడు.

"శాంతయ్య కబురంపినాడు. ఆ ఒక్క మాట మారిస్తే ఇంకో చోట పట్టా ఇప్పిస్తాడంట. పిల్లోళ్ళను యాడ పండబెట్టుకుంటాం? మార్సేయ్, తిరుమలా."

నా చెంప వాపు తగ్గలేదు, కొంగు కప్పుకోలేదు. శాంతయ్య బిళ్ళ లేకుండా తెల్ల చొక్కా తొడుక్కొచ్చి వెనక గోడ దగ్గర నిలబడ్డాడు. రాకపోతే భయపడ్డాడంటారని వచ్చినట్టున్నాడు.

చదువుతూ ఆ చోటికి వచ్చి ఆగాను. ఓబయ్య నాకేసి చూస్తూ రెండు చేతులూ జోడించాడు. మాట మార్చమన్నారు కదా, మార్చాను.

"అప్పుడు దగ్గర నిలబడి ఉన్న నా తమ్ముడు ఆయనను చెంప మీద కొట్టాడు," అని చదివాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనక్కి తిరిగి చూసినవాళ్ళూ లేరు.