నా ఎముకల దండు

ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల తుడవగానే మా ఇంట్లో యుద్ధం మొదలవుతుంది. ఎల్ ఆల్తో ఊళ్ళో మా వీధివాళ్ళందరికీ తెలుసు, ఆ వేళప్పుడు ఈ కసిల్దా తలుపు కొట్టినా తియ్యదని.

ఆట నడిపేది ఫ్రొయిలాన్. మిగతా రోజులు మినీబస్సు తోలుతాడు. ఆదివారం మాత్రం బల్లమీద ఒక అట్ట నిలబెట్టి, దాని వెనక రాజ్యాలూ రాక్షసులూ దాచుకుని కథ చెబుతాడు. మా పాత్రలు ఏం చేస్తాయో మేం చెబుతాం. జరుగుతుందా జరగదా అన్న చోట ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మందుల షాపులో పనిచేసే ఒవీదియో సూర్యదేవుడి యోధుడు. నా మనవరాలు యోబానాది వడిసెల విసిరే పిల్ల పాత్ర, పేరు సరిరి. నేను మొదట్లో మొక్కజొన్న పిండితో కాచిన వేడి అపి పోసి, బూరెల్లాంటి బున్యేలోలు వేయించి పెట్టి పక్కన కూర్చునేదాన్ని. కూర్చున్నదాన్ని ఊరుకుంటానా? ఆ బావిలో పాముందని పోయిన నెలే చెప్పాడు, అటు దిగకండర్రా అని అడ్డం వచ్చేదాన్ని. శవాలను లేపే మంత్రగత్తెగా ఆడే అమ్మాయి పెళ్ళి చేసుకుని సాంతా క్రూస్ వెళ్ళిపోయాక, ఆ పాత్ర వివరాలు రాసిన కాగితం నా చేతిలో పెట్టి నోరు మూయించామనుకున్నారు.

ఆ కాగితంతోపాటు నాకు నాలుగు అస్థిపంజరాలు వచ్చాయి. వాటికొక నియమం ఉంది. రోజూ తెల్లవారగానే నేను పట్టుమంత్రం చదవాలి. చదివితే ఆ రోజంతా చెప్పినట్టు వింటాయి. మరిచానా, దగ్గరున్న మనిషిమీద పడి పీక్కుతింటాయి.

మా బల్లకూ ఒక కట్టుబాటు ఉంది. చచ్చిన పాత్ర కాగితాన్ని ఫ్రొయిలాన్ అందరి ముందూ చింపేస్తాడు. ఇక ఆ పాత్ర తిరిగి రాదు. ఆ ఆదివారం చిరగబోయేది సరిరి కాగితం. కోట యజమాని ఆమెను పట్టుకుని చీకటికొట్లో వేశాడు. ఆటలో పొద్దు గుంకేలోగా మేం చేరకపోతే సరిరి లేదు.

ఆటే కదా అంటారు. మా యోబానా పదహారేళ్ళ వరకూ పరాయివాళ్ళ ఎదుట నోరు తెరిచిన పిల్ల కాదు. నత్తి. బజారులో బ్రెడ్డు కావాలన్నా వేలితో చూపించేది. సరిరి గొంతుతో మాట్లాడేటప్పుడు మాత్రం ఆ నత్తి ఎటు పోయేదో పోయేది. ముందు ఆటలో వచ్చింది మాట, తరువాత ఇంట్లో, తరువాత వీధిలో. అలాంటి కాగితాన్ని చింపుతుంటే నేను చూస్తూ కూర్చోవాలా?

"తెల్లారింది. కోట గోడ కనిపిస్తోంది. ఏం చేస్తారు?" అన్నాడు ఫ్రొయిలాన్.

"కత్తి నూరి సూర్యుడికి దండం పెట్టుకుంటా," అన్నాడు ఒవీదియో.

"మావాళ్ళకి కోకా ఆకు పెడతాను. తలా ఒక సిగరెట్టు వెలిగిస్తాను. టోపీలు సర్ది, ఇవాళ మా పిల్లను తెచ్చిపెట్టండి తల్లీ, తండ్రీ అని అడుగుతాను," అన్నాను.

"మొదలెట్టారు! అవ్వా, అవి ఎముకలు. పొగ పీలిస్తే పక్కటెముకల్లోంచి బయటికొచ్చేస్తుంది," అని నవ్వాడు ఒవీదియో.

"నీ దగ్గరికి రాకపోతే చాల్లే. దగ్గు మందు అమ్ముకునేవాడివి."

మా ఇంట్లో గూట్లో రెండు న్యాతీతలున్నాయి. ఎవరివో తెలియని పుర్రెలు, మా అత్తగారి నాటి నుంచీ ఇల్లు కాస్తున్నాయి. కలలోకి వచ్చి తమ పేర్లు తామే చెప్పాయి. వాటిని అడుగుతాం, బతిమాలతాం, మాట తప్పితే కాసేపు అలుగుతాం. వాటికి ఆజ్ఞ వెయ్యడం మా వైపు నేనెక్కడా చూడలేదు. ఆ అలవాటే కొంప ముంచింది. మేం గోడ కిందికి చేరాక, పైనుంచి నలభైమంది చచ్చి లేచిన కాపలావాళ్ళు ఈటెలు దించగానే, ఫ్రొయిలాన్ ఉన్నట్టుండి పెన్ను కింద పెట్టాడు.

"అవ్వా, పొద్దున పట్టుమంత్రం చదివారా?"

చదవలేదు. ప్రతిసారీ ఒవీదియో గుర్తుచేసేవాడు. ఆ రోజు సరిరి గొడవలో అతనూ మరిచిపోయాడు.

"అడిగాను కదరా వాళ్ళని!" అన్నాను.

"అడగడం వేరు, మంత్రం వేరు. నియమం నేను పెట్టింది కాదు. నాలుగూ మీవైపు తిరుగుతున్నాయి."

యోబానా తన కాగితాన్ని బల్లమీద బోర్లించింది. "ప... పర్లేదు, అమ్మమ్మా," అంది. మూడేళ్ళ తరువాత ఆ నత్తి నా చెవిన పడింది. నాకు ఒళ్ళు మండింది.

"పాచిక ఇటియ్యి. తిరగబడతారో లేదో వాళ్ళనే తేల్చమను."

ఫ్రొయిలాన్ న్యాయం తెలిసినవాడు. కాసేపు తల గోక్కున్నాడు. "సరే. ఇరవై పడితే ఆగుతాయి. మీరు వాళ్ళకి చేసిన ఒక్కో మంచికి ఒక్కోటి తగ్గిస్తా, ఆ మిగిలిన అంకె గాని అంతకన్నా ఎక్కువ గాని పడితే చాలు. జరిగినవే చెప్పాలి, ఇప్పుడు అల్లితే ఒప్పుకోను. ఒవీదియో, నీ నోటుబుక్కు తియ్. ప్రతి వారం జరిగింది నువ్వు రాస్తావుగా, సరిచూడు."

నా నాలుగు అస్థిపంజరాలనూ పేరుపేరునా తలుచుకుంటూ చెప్పడం మొదలుపెట్టాను. తొరీబియోకు ఎర్ర ఉన్ని టోపీ, ఉప్పునేలలు దాటిన వారం. సింఫొరోసాకు ఆకుపచ్చది, చెవుల మీదికి వచ్చేది, చలేస్తోందంటే. కాండిడో దవడ ఊడితే దారంతో కట్టాను. ఉర్సులా తన పేరు ఉర్సులా అని నా మంత్రగత్తె కలలో చెబితే, పాత పేరుతో పిలిచినందుకు మన్నించమన్నాను. నది దాటేటప్పుడు నలుగురినీ ముందు పడవెక్కించి నేను ఈదాను. ఒవీదియో వేలు పుటలమీద పరిగెత్తుతోంది, తల ఊపుతూనే ఉన్నాడు. పదమూడు చెప్పాను. అంకె ఏడుకు దిగింది.

"అంతేనా?" అన్నాడు ఫ్రొయిలాన్.

"ఇంకోటుంది," అన్నాడు ఒవీదియో, మొహం ఎర్రబడి. "తొరీబియో చెయ్యి ఊబిలో పడిపోతే నేను దిగి తెచ్చా. ఈవిడ పోరు పడలేకే అనుకో."

"సూర్యుడి యోధుడు శవం చెయ్యి కోసం ఊబిలో దిగాడా! ఒప్పుకున్నా. ఆరు."

పాచిక వేశాను. అది దొర్లి దొర్లి, అపి కప్పుకు తగిలి ఆగింది. నాకు అంకెలు దగ్గరగా పెట్టుకుంటే గాని కనిపించవు. యోబానా వంగి చూసింది.

"ఆరు! ఆరు, అమ్మమ్మా!"

నలుగురూ నా ముందు ఆగారట, తొరీబియో టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడట. కాపలావాళ్ళు బతికున్నవాళ్ళనే పొడుస్తారు కాబట్టి వీళ్ళు ఈటెల మధ్యనుంచి తిన్నగా నడిచి కోటలోకి పోయారు. చీకటికొట్టు ముందు యజమాని ఎదురయ్యాడు. ఫ్రొయిలాన్ అట్ట వెనక్కి వంగి తన రహస్య కాగితం చదువుకున్నాడు. ముందు కనుబొమలు లేచాయి, తరువాత భుజాలు ఊగాయి, తరువాత పగలబడి నవ్వాడు.

"ఏంట్రా అది? చెప్పి నవ్వు!"

"అవ్వా, వీడి పెద్ద శక్తి ఏంటో తెలుసా? ఎవరి మంత్రపు పట్టునైనా తెంపి, ఆ దండును తనవైపు లాక్కుంటాడు. మీ నలుగురితోనే మిమ్మల్ని చంపిద్దామని రెండు నెలల నుంచి కాచుకుని ఉన్నా. వాడు చెయ్యెత్తాడు, మంత్రం చదివాడు... తెంపడానికి అక్కడ పట్టే లేదు! మీరు చదవనే లేదుగా!"

ఒవీదియో కుర్చీ మీంచి లేచి బల్ల గుద్దాడు. అపి ఒలికింది. ఎవరు చూశారు!

"అయితే మావాళ్ళు ఏం చేస్తున్నారు?" అన్నాను.

"మీరే చెప్పండి. వాడు నోరు తెరుచుకుని నిలబడ్డాడు."

"ఉర్సులా వాడి కర్ర లాక్కుంటుంది. కాండిడో కాళ్ళు పట్టి పడేస్తాడు. సింఫొరోసా వాడి మీద కూర్చుంటుంది, కదలనివ్వదు. తొరీబియో తలుపు తీస్తాడు."

పాచికలు పడ్డాయి, అన్నీ మావైపే. యజమాని మూలుగుతుండగానే గోడమీది నలభైమందీ కట్టు తెగి కూలబడ్డారు. పొద్దు ఇంకా మూరెడు ఉంది.

ఫ్రొయిలాన్ యోబానా వైపు తిరిగాడు. "సరిరీ, తలుపు తెరుచుకుంది. ఎర్ర టోపీ పెట్టుకున్న అస్థిపంజరం ఒకటి వంగి చెయ్యి చాపుతోంది. ఏం చేస్తావు?"

నా మనవరాలు కాగితాన్ని వెల్లకిలా తిప్పింది. కుర్చీ ఎక్కి నిలబడింది.

"దాని భుజాలెక్కి కూర్చుంటా! కోట చుట్టూ ఊరేగించమంటా! నేను సరిరినని, బతికే ఉన్నానని గోడమీంచి అరుస్తా, లోయ అవతలికి వినబడేలా!"

ఒక్క అక్షరం తడబడలేదు. పక్కింటివాళ్ళు కిటికీ తీసి ఏమైందని అడిగితే, కోట గెలిచామని చెప్పాను.