చేదు తెలియని నాలుక

చేదు దుంప పచ్చిగా తింటే మనిషి బతకడు. తరిగి, గోనెసంచిలో వేసి, పారే నీళ్ళలో నానబెట్టాలి; మా ఇంట్లో కుళాయి కింద పెట్టేవాళ్ళం. చేదు పోయాకే తినాలి. పోయిందో లేదో చెప్పేది నాలుక ఒక్కటే. మా ఇంట్లో ఆ నాలుక నా భార్యది. ఆమె తిని సరే అన్నాకే మిగతావాళ్ళం ముద్ద ఎత్తేవాళ్ళం.

మొన్నటి జ్వరం తర్వాత ఆమెకు రుచి పోయింది. ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు టీలో పంచదారకు బదులు ఉప్పు వేసుకుని గటగటా తాగేసింది. నేను చూశాను. అడిగితే, "మీ గ్లాసులో పడలేదుగా, మీకెందుకు?" అంది.

ఆ వారం కుళాయి రాలేదు. దుంపలు నిలవ నీళ్ళలోనే ఉండిపోయాయి. మిల్లు మూతపడి కొడుకు పని వెతుక్కుంటూ వెళ్ళాడు. ఇంట్లో గింజ లేదు. కోడలు ఆ దుంపలే ఉడకబెట్టింది. మనవరాలు పళ్ళెం పట్టుకుని పొయ్యి దగ్గర కూర్చుంది.

"త్వరగా చూసి చెప్పండి అత్తయ్యా. ఇది దుంపల కన్నా ముందు నన్ను తినేసేలా ఉంది" అంది కోడలు.

నా భార్య ఒక ముక్క నమిలింది. "బాగుంది. పెట్టు."

"ఆగమ్మా" అని కోడలితో అని, నేనూ ఒక ముక్క నాలుక మీద పెట్టుకున్నాను. చురుక్కుమంది. ఉమ్మేశాను. "చేదు పోలేదు. పారబొయ్యి."

"అబ్బో! కూరలో ఉప్పు లేకపోయినా తెలియని మనిషి, ఈయనగారు చెబుతున్నారు."

"రుచి తెలియనిది నీకే. జ్వరం వచ్చినప్పటి నుంచీ."

కోడలు గరిటె కింద పెట్టింది. "నిజమా అత్తయ్యా?"

నా భార్య మొహం నల్లబడింది. "ఇన్నేళ్ళూ మీ అందరి ప్రాణాలు కాచింది నా నాలుకే. ఇవాళ పనికిరాకుండా పోయానా?" అంటూ గిన్నె లాక్కుంది. గుప్పెడు తీసి నోట్లో కుక్కుకుంది. నేను చెయ్యి పట్టుకునేలోగా ఇంకో గుప్పెడు. వేడికి కళ్ళ నీళ్ళు కారుతున్నా మింగింది.

"చూడండి, నాకేమైంది?" అంది.

పొద్దు వాలేసరికి వాంతులు పట్టుకున్నాయి. పెదవులు మొద్దుబారి మాట ముద్దయింది. బండిలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే ఏదో అంది. వంగి విన్నాను.

"పిల్లకి పెట్టారా?"

"లేదు."

కళ్ళు మూసుకుంది. ఆసుపత్రి గుమ్మం ఇంకా రాలేదు. బండిలోనే పోయింది.

కర్మకాండలు అయ్యాయి. కుళాయి వచ్చింది. తినడానికి మళ్ళీ దుంపలే. కోడలు ఒక ముక్క నాలుక మీద పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"చేదు ఎంత మిగిలితే పోనట్టు మామయ్యా?" అంది.

నాకూ తెలియదు. సంచి మళ్ళీ నీళ్ళ కిందే పెట్టించాను.